పెన్సిల్వేనియా చెకుముకి తుపాకీ సీజన్: ఉదయపు వేటలో మందు అంటుకోకపోవడం గురించి

మంజీర (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పెన్సిల్వేనియాలో 1974లో మొదలై, ఇప్పుడు ఏటా క్రిస్మస్ మరునాటి నుంచి నడిచే చెకుముకి తుపాకీ సీజన్‌లో, నిరుడు మా పొరుగింటి పెద్దాయనతో కలిసి రెండు ఉదయాలు జింక వేటకు వెళ్లాను. రెండోనాడు ఒక ఆడ జింక నలభై గజాల దూరంలో పక్కకు తిరిగి నిలబడింది. ట్రిగ్గర్ నొక్కగానే చెకుముకి రవ్వకు తుపాకీ పక్కనున్న చిన్న పళ్లెంలోని మందు భగ్గుమంది కాని, ఆ మంట పక్క రంధ్రం గుండా చేరి అంటించవలసిన గొట్టంలోని మందు అంటుకోలేదు, జింక వెళ్లిపోయింది. నా తుపాకీ .50 కాలిబర్‌ది, అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం. ఈ తుపాకీతో ఉదయం పూట జింకను కొట్టినవారు ఎవరైనా ఉంటే, ఆ ఉదయం ఎలా గడిచిందో మొదటి నుంచి చెప్పగలరా? హెచ్-1బి వీసాపై ఉన్న నా మిత్రుడు కూడా ఈసారి వస్తానంటున్నాడు. అతనికి చట్టపరంగా అడ్డంకి ఏమైనా ఉందా?

పల్నాటి పొద్దు

మంజీర గారూ, మా తాతగారి ఊళ్లో చేలకు కాపలాగా ఉంచిన భర్మారు తుపాకీని నేను చిన్నప్పుడు చూశాను. మూతి నుంచి మందు పోసి, గుండు కూరి, కడ్డీతో దట్టించే పని ఇక్కడా అదే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల మన దేశంలో వేట నేరం కనుక, దానితో వేటాడటం నేను చూడలేదు, లైసెన్సు తీసుకొని ఇక్కడే నేర్చుకున్నాను.

మీకు జరిగింది నాకూ మొదటి రెండేళ్లు జరిగింది. తుప్పు పట్టకుండా గొట్టంలో రాసిన నూనె, పక్క రంధ్రంలో చేరిన చెమ్మ, ఈ రెండే ఎక్కువసార్లు కారణం. అందుకని మందు పోసే ముందు స్పిరిట్‌లో తడిపిన గుడ్డ పేలికతో గొట్టాన్ని తుడిచి, పొడి పేలికతో మళ్లీ తుడుస్తాను. దట్టించేటప్పుడు పక్క రంధ్రంలో ఒక ఈక కాడ గుచ్చి ఉంచి, తర్వాత తీసేస్తే, లోపలి మందుకు నిప్పు చేరే దారి తెరిచి ఉంటుంది. నేను 70 గ్రెయిన్ల, అంటే సుమారు నాలుగున్నర గ్రాముల, అసలైన నల్లమందు వాడతాను. దాని బదులు అమ్మే రకాలు చెకుముకి రవ్వకు అంత సులువుగా అంటుకోవు, ఇక పొగరాని ఆధునిక మందును ఈ తుపాకీలో పోస్తే గొట్టమే పేలిపోవచ్చు. పళ్లెంలో సన్నమందును రంధ్రం మూసుకుపోకుండా కొద్దిగానే వేయాలి, మంచు పడుతుంటే గంటకొకసారి దాన్ని పారబోసి పొడిది వేసుకోవాలి. తుపాకీని రాత్రి వెచ్చని ఇంట్లోకి తెస్తే గొట్టంలో చెమ్మ పడుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇక మీరడిగిన, నేను జింకను కొట్టిన ఉదయం సంగతి. ఆ రోజు చీకటితోనే ఒక గుట్ట వాలుపై, జింకలు రాత్రి మేసిన పొలాల నుంచి పగలు పడుకొనే పొదలకు ఎక్కిపోయే దారికి కొంచెం దిగువగా, హెమ్లాక్ చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఎండ తగలని వేళ చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది కనుక నా వాసన దారికి చేరదు, ఎండెక్కాక గాలి పైకి తిరుగుతుంది కాబట్టి ఆ చోటు అప్పటి వరకే పనికొస్తుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి చట్టం కాల్చనిస్తుంది, అయినా వెలుగు సరిగా వచ్చేదాకా నేను తుపాకీ ఎత్తలేదు. మూడు ఆడ జింకలు వచ్చాయి. ముందున్నది ఎదురుగా నిలబడి తలెత్తి చూస్తోంది, ఎంత ఆశ ఉన్నా ఆ కోణంలో కాల్చకూడదు. చాలాసేపటికి రెండోది పక్కకు తిరిగింది, భుజం వెనుక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటికి గురిపెట్టి నొక్కాను. రవ్వకూ పేలుడుకూ మధ్య ఒక లిప్తపాటు ఆలస్యం ఉంటుంది, ఆ లిప్తలో గురి కదలకుండా ఉండటమే ఈ తుపాకీతో నేర్వవలసిన అసలు విద్య.

తెల్లని పొగ కమ్మేసి ఏమీ కనిపించలేదు. మోకాళ్లపై వంగి, పొగ కింద నుంచి అది ఎటు పరుగెత్తిందో చూసుకొని, ముందు తుపాకీని మళ్లీ దట్టించి, అరగంట ఆగి లేచాను. మంచు మీద నెత్తుటి జాడ అరవై అడుగుల్లోనే ముగిసింది. అది బాధపడకుండా పోయిందని తెలిశాకే నాకు ఊపిరి తిరిగింది. జంతువును కదపకముందే లైసెన్సుతో వచ్చే ట్యాగ్ చీటీ నింపి చెవికి కట్టాలి, పది రోజుల్లోగా వేట సమాచారాన్ని గేమ్ కమిషన్‌కు, అంటే వేటను పర్యవేక్షించే రాష్ట్ర సంస్థకు, తెలపాలి.

ఇంకొక మాట. పళ్లెం మందు మాత్రమే అంటుకున్నప్పుడు తుపాకీని దించవద్దు. లోపలి మందు ఆలస్యంగా పేలవచ్చు, కనీసం ఒక నిమిషం మూతిని ప్రమాదం లేని వైపుకే ఉంచండి.

దక్కను

మీ మిత్రుని విషయం. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాపై ఉన్నవారు ఆధునిక తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది (నల్లమందు చెకుముకి తుపాకీ సాధారణంగా ఆ నిషేధంలోకి రాదు), అయితే ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. లైసెన్సు కావాలంటే మొదట వేట శిక్షణ తరగతి పూర్తిచేయాలి. వీసా భవిష్యత్తు ముడిపడి ఉంది కనుక, ఒక న్యాయవాదితో మాట్లాడాకే అతన్ని తుపాకీ ముట్టుకోనివ్వండి.

తొలిమంచు

మాంసం గురించి ఎవరూ రాయలేదు కనుక చెబుతున్నాను. పడిన చోటనే పొట్ట చీల్చి పేగులు తీసి, వేడి త్వరగా పోయేలా చూడాలి. పెన్సిల్వేనియా జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే, మెదడును దెబ్బతీసి జింకను చిక్కి చచ్చేలా చేసే వ్యాధి 2012లో బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు లేకపోయినా, ఆ వ్యాధి ఉన్న ప్రాంతంలో కొట్టిన జింక తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చాకే వండుకోండి. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం తినవద్దు, వాటిని ఆ ప్రాంతం దాటించవద్దు. ఈ మాంసంలో కొవ్వు చాలా తక్కువ కాబట్టి, మేకమాంసంలా వేపితే బిరుసెక్కుతుంది. మా ఇంట్లో పెరుగులో రాత్రంతా నానబెట్టి, సన్నని సెగపై మూతపెట్టి ఉడికిస్తాము.

మంజీర

అందరికీ కృతజ్ఞతలు. పల్నాటి పొద్దు గారి మాట చదివి పెద్దాయనను అడిగాను. వేటకు ముందురోజు రాత్రి గొట్టానికి నూనె రాసి, తుడవకుండానే ఉదయం మందు పోశామని ఆయనకు ఇప్పుడు గుర్తుకొచ్చింది. మిత్రుడు శిక్షణ తరగతిలో చేరి లైసెన్సు తెచ్చుకొనేదాకా చూడటానికి మాత్రమే వస్తానన్నాడు.