అప్‌డేట్: డాక్‌బుక్ రాయడానికి ఎడిటర్ దొరికింది

నల్గొండలో మా మోటార్ పంపుల వర్క్‌షాప్ కోసం తెలుగులో మాన్యువల్‌ను డాక్‌బుక్ ఎక్స్‌ఎంఎల్‌లో (మాన్యువల్స్ రాయడానికి వాడే ట్యాగుల పద్ధతి) రాస్తున్నానని, ఏ ఎడిటర్ వాడాలని పోయిన నెల అడిగాను కదా. సలహాలు ఇచ్చిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్.

ఆక్సిజన్ అనే ఎక్స్‌ఎంఎల్ ఎడిటర్ బాగుంది, కానీ లైసెన్స్ కొనే స్తోమత ఇప్పుడు లేదు. చివరికి ఈమాక్స్ అనే ఉచిత ఎడిటర్‌లో ఎక్స్‌ఎంఎల్ రాయడానికి ఉన్న ఎన్‌ఎక్స్‌ఎంఎల్ మోడ్ దగ్గర ఆగాను. డాక్‌బుక్ 5 రిలాక్స్ ఎన్‌జి స్కీమా ఫైల్ (ఏ ట్యాగు ఎక్కడ రావచ్చో చెప్పే నియమాల ఫైల్) ఎక్కడుందో ఒకసారి చూపిస్తే చాలు, టైప్ చేస్తుండగానే తప్పు పట్టేస్తుంది. మొన్న ఆర్డర్డ్‌లిస్ట్‌లో (నంబర్ల జాబితా ట్యాగు) రెండు లిస్ట్‌ఐటమ్‌ల (జాబితాలోని ఒక్కో అంశం) మధ్య నేరుగా పారా (పేరా ట్యాగు) రాశాను. వెంటనే దాని కింద ఎర్ర గీత పడింది, కింది పట్టీలో ‘ఇన్‌వాలిడ్’ అని వచ్చింది. కంట్రోల్-సి, కంట్రోల్-ఎన్ కొడితే కర్సర్ నేరుగా తప్పు దగ్గరికే వెళ్తుంది. ఇంతకుముందు ఇలాంటివి పీడీఎఫ్ తీసేటప్పుడు బయటపడేవి, అర్ధరాత్రి దాకా ఒకటే టెన్షన్.

తెలుగు ఒత్తులు విడిపోతాయేమోనని భయపడ్డాను. ఈమాక్స్‌ను టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే తెర) తెరిస్తే నిజంగానే చెదిరిపోయాయి. విండోలో తెరిస్తే మాత్రం ‘స్టార్టర్’, ‘ఫుట్‌వాల్వ్’ చక్కగా కనిపిస్తున్నాయి. ఈమాక్స్ వెర్షన్ 27 నుంచి అక్షరాలను, ఒత్తులను సరిగ్గా కలిపి చూపించే హార్ఫ్‌బజ్ లైబ్రరీని వాడుతోంది కాబట్టి, పాతది ఉన్నవాళ్లు ముందు అప్‌గ్రేడ్ చేసుకోండి.

స్టార్టర్ వైరింగ్ అధ్యాయం నిన్న రాత్రి పూర్తయింది.