కాకతీయ రాజు ప్రతాపరుద్రుడిది నిజంగా ఆత్మహత్యేనా? ఆధారాలు తెలిసినవారు చెప్పగలరు

బంధువుల పిల్లలకు ఖిలా వరంగల్ చూపిస్తుంటే తోరణాల దగ్గర ఒక పెద్దాయన, ప్రతాపరుద్రుడు నర్మదలో దూకి ప్రాణం తీసుకున్నాడని కళ్లారా చూసినట్టే చెప్పారు. అప్పటినుంచి బుర్రలో పురుగు తొలుస్తోంది.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకుని రాజును బందీగా ఢిల్లీకి పంపించాడు. సుల్తానుల చరిత్రకారుడు అఫీఫ్, దారిలో చనిపోయాడని మాత్రం రాసి ఊరుకున్నాడు. కాకతీయుల తర్వాత ఢిల్లీ సేనలతో పోరాడిన ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం నర్మదా తీరాన మరణించాడంటుంది. తన ఇష్టంతోనే స్వర్గానికి వెళ్లాడన్న మాట 1423 నాటి కలువచేరు శాసనంలో కనిపిస్తుంది, అంటే నూరేళ్ల తర్వాత! ఆత్మహత్య కథకు ఇంతకంటే పాత ఆధారం ఉందా? కాపలాలో ఉన్న బందీ చనిపోతే కాపలాదారులు పైవాళ్లకు ఏమని చెప్పుకుంటారో ఊహించడం పెద్ద కష్టమా? చంపేశారని నేను అనడం లేదు. ఆ అనుమానాన్ని చరిత్రకారులెవరైనా పరిశీలించారా అని అడుగుతున్నాను.

విలస శాసనం పూర్తి పాఠం, తెలుగు తాత్పర్యంతో సహా, ఏ పుస్తకంలో ఉంది? వరంగల్, కరీంనగర్ గ్రంథాలయాల్లో చూసినవారుంటే దయచేసి చెప్పండి. లింకులు మాత్రం వద్దు, అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసినవే.