ఫ్లట్టర్ యాప్‌లో ఐఫోన్‌కే చెందిన టెస్టులను ఎలా విడదీస్తున్నారు?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ కలిపి ఫ్లట్టర్‌లో (ఒకే కోడ్‌తో రెండింటికీ యాప్ చేసే గూగుల్ టూల్) యాప్ చేస్తున్నాం. ఆటోమేటెడ్ టెస్టుల బాధ్యత నాది.

విడ్జెట్ టెస్టుల (ఫోన్ లేకుండా కంప్యూటర్‌లోనే తెర భాగాలను పరీక్షించేవి) చిక్కు తీరింది. కోడ్‌లో 'ప్లాట్‌ఫామ్.ఈజ్ఐఓఎస్' (ఇది ఐఫోనేనా) అని అడిగితే, టెస్టు నడుస్తున్న కంప్యూటర్ సంగతి చెబుతోంది. అందుకే, టెస్టులో మనమే మార్చుకోగలిగే 'డిఫాల్ట్‌టార్గెట్‌ప్లాట్‌ఫామ్'కి మార్చాను. ఇప్పుడు 'టార్గెట్‌ప్లాట్‌ఫామ్‌వేరియంట్'తో ఒకే టెస్టు ఆండ్రాయిడ్‌గానూ ఐఫోన్‌గానూ నడుస్తోంది.

అసలు తలనొప్పి నిజమైన ఫోన్ల మీద. నోటిఫికేషన్ అనుమతి అడిగే పెట్టె మన యాప్‌ది కాదు, సిస్టమ్‌ది. ఫోన్‌లో యాప్ మొత్తాన్ని నడిపి చూసే ఇంటిగ్రేషన్ టెస్టుకు అది కనబడదు. ఆండ్రాయిడ్ 12లో అసలు రాదు, 13లో వస్తుంది. ఐఫోన్‌లో ఒకసారి వద్దని నొక్కితే, యాప్ తీసేసి మళ్లీ వేస్తే తప్ప రాదు. నిన్న రాత్రి పదకొండింటికి చూస్తే తెర మీద ఆ పెట్టె అలాగే ఉంది, టెస్టు టైమవుట్ అయిపోయింది. చాలా టెన్షన్‌గా ఉంది, వచ్చే వారమే రిలీజ్.

ఇలాంటివి మీరు ఒకే ఫైల్లో షరతులతో ఉంచుతారా, వేరే ఫోల్డర్లలో పెడతారా? ఆ పెట్టెను నొక్కడానికి పాట్రోల్ (సిస్టమ్ పెట్టెలను కూడా నొక్కగల ఫ్లట్టర్ టెస్ట్ టూల్) వాడినవాళ్లున్నారా? స్కిప్ పెట్టి ఆ టెస్టును నడపకుండా దాటేయడం సులువే గానీ, స్కిప్ చేసిన టెస్టును తర్వాత ఎవరూ పట్టించుకోరని నా భయం. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.