ఓవర్‌డోస్ ప్రథమ చికిత్స: నేర్పేవాళ్లను ఎలా తయారుచేయాలి?

ఒహాయో ఫార్మసీ టెక్నీషియన్:
ఓపియాయిడ్ల (నల్లమందు తరహా నొప్పి మందులు, మత్తుమందులు) ఓవర్‌డోస్‌కు విరుగుడుగా పనిచేసే నాలోక్సోన్ ముక్కు స్ప్రే వాడటం మా తెలుగు బడి వలంటీర్లకు నేర్పి, వాళ్లచేత మిగతావాళ్లకు నేర్పించాలనుకుంటున్నాను. అమెరికాలో 2023 నుంచి ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది కదా. కానీ స్లైడ్లు వేయగానే పెద్దవాళ్లు "మన పిల్లలకెందుకమ్మా ఇవన్నీ" అంటూ టీ దగ్గరికి వెళ్లిపోయారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిటైర్డ్ నర్సు:
స్లైడ్లు మానేయమ్మా, బొమ్మ మీద చేయించు. గట్టిగా పిలవాలి, ఛాతీ ఎముక మీద పిడికిలితో రుద్దాలి. పలకకపోతే, ఊపిరి సరిగా ఆడకపోతే 911కి ఫోన్ చేసి, ఒక ముక్కురంధ్రంలో స్ప్రే కొట్టి, నోటితో ఊపిరి అందించాలి. రెండు మూడు నిమిషాల్లో మార్పు లేకపోతే రెండో ముక్కురంధ్రంలో ఇంకో స్ప్రే. మందులేని ట్రైనర్ స్ప్రే తెప్పించు. అసలుదాంట్లో ఉండేది ఒక్క డోసే, పనిచేస్తుందా అని నొక్కి చూశారంటే అయిపోయినట్టే! నేర్చుకున్నవాళ్లు తిరిగి నీకే పాఠం చెప్పాలి. తడబడితే ఇంకోసారి.

డాలస్ నాన్న:
పెద్దవాళ్లతో మోకాలి ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఆక్సికోడోన్ అనే ఓపియాయిడ్ నొప్పి మాత్రల గురించి మాట్లాడండి. అది చాలామంది ఇళ్లల్లో ఉండేదే, చెవులు రిక్కిస్తారు. ఫెంటనిల్ అనే చాలా ఘాటైన ఓపియాయిడ్ కలిసిన నకిలీ మాత్రల సంగతి తర్వాత.

ఒహాయో ఫార్మసీ టెక్నీషియన్:
ఇది బాగుంది! అది ఓవర్‌డోస్ కాకపోతే స్ప్రే వల్ల ప్రమాదమా అని అడిగితే?

రిటైర్డ్ నర్సు:
ఒంట్లో ఓపియాయిడ్ లేకపోతే అది హాని చేయదు. ఇంకోటి, దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే. మనిషి లేచి కూర్చున్నా అంబులెన్సు వచ్చేదాకా వదలొద్దని చెప్పించు.