పూలకుండీలో గువ్వ గుడ్లు పెట్టింది, దూది వేయొచ్చా?

ప్రశ్న:
కర్నూల్లో రెండో అంతస్తులో ఉంటాం. బాల్కనీలో ఎండిపోయిన మందారం కుండీలో మొన్న గువ్వ రెండు తెల్లటి గుడ్లు పెట్టింది. పావురం కంటే బాగా చిన్నది, గొంతు కింద ఎర్రమట్టి రంగు మీద నల్ల చుక్కలున్నాయి. దాన్ని గూడు అనడానికి కూడా లేదండీ, పట్టుమని ఇరవై పుల్లలు లేవు, సందుల్లోంచి మట్టి కనిపిస్తోంది. గాలికి గుడ్లు దొర్లిపోతాయేమోనని ఒకటే టెన్షన్. కింద దూది పెట్టనా?

సమాధానం:
దూది వద్దమ్మా. దాని గూడు అంతే. మగది పుల్ల పుల్లా తెచ్చిస్తుంది, ఆడది కూర్చున్నచోటే ఒంటి కింద సర్దుకుంటుంది. మాది అనంతపురం దగ్గర పల్లె, తుమ్మచెట్ల మీదా ఇలాగే కడతాయి, కింద నిలబడితే గుడ్లు కనిపిస్తాయి. మీరు చెప్పిన గుర్తులు లాఫింగ్ డవ్‌వి. కిలకిలా నవ్వినట్టు కూస్తుంది, వినండి. మెడ వెనక నల్లపట్టీ, దాని మీద తెల్ల చుక్కలు ఉంటే అది వేరే రకం, చెట్లు ఎక్కువున్నచోట తిరుగుతుంది. మన మెట్ట పొలాల్లో, కంపల్లో, ఇళ్ల చుట్టూ ఉండేది ఎక్కువగా ఈ చిన్నదే. కొర్రలు తూర్పారబట్టాక కళ్లంలో చెదిరిన గింజలకు జంటగా దిగుతాయి. నీళ్ల తొట్టి దగ్గర చూడండి, కోడిలా తలెత్తి మింగదు, ముక్కు ముంచి అలాగే పీల్చేస్తుంది. నాకు ఎంత చూసినా తనివి తీరదు.
ఆడా మగా మార్చి మార్చి పొదుగుతాయి. రెండు వారాలు ఓపిక పట్టండి.

ఇంకో సమాధానం:
హైదరాబాద్‌లో మా ఏసీ బయటి డబ్బా మీద పెట్టింది. మేం ఫోటోల కోసం మాటిమాటికీ వెళ్లాం, అది లేచిపోయిన సందులో కాకి గుడ్లు ఎత్తుకుపోయింది. ఇప్పటికీ బాధగానే ఉంది. అటు వెళ్లకండి. పక్క కుండీలకు నీళ్లు రోజుకోసారి, నెమ్మదిగా పోయండి చాలు.

ప్రశ్న అడిగినవారు:
రెండు పిల్లలూ బయటికొచ్చాయి! కళ్లు తెరవలేదు, ఒంటి మీద పసుపు రంగు నూగు. కిటికీ లోపలి నుంచే చూశాను. తల్లి నోట్లోకి ముక్కు దూర్చి ఏదో తాగుతున్నాయి, తల్లి ఒళ్లంతా ఊగుతోంది. నూకలు నానబెట్టి పెట్టనా?

సమాధానం:
ఏమీ పెట్టొద్దు. గువ్వల గొంతుసంచిలో పాలలాంటిది ఊరుతుంది, తండ్రికి కూడా. మొదటి రోజుల్లో పిల్లలకు అదే తిండి. ఇంకో రెండు వారాలకు రెక్కలొచ్చి కుండీ అంచు మీద కూర్చుంటాయి. అంతవరకు ఆ తలుపు మూసే ఉంచండి.