ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకుపై తొలి రోజు: కొండ ఎక్కగలిగాను, దిగలేకపోయాను

గుంటూరు సైకిలు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఎడిన్‌బరోలో ఉద్యోగం చేస్తున్నాను, వయసు 43. గుంటూరులో టెన్త్ చదివే రోజుల్లో నాన్నగారి రాడ్ బ్రేకుల సైకిలు తొక్కడమే గాని, ఆ తరవాత పెడలు మీద కాలు పెట్టింది లేదు. పోయిన శనివారం సహోద్యోగి పట్టుబట్టి పీబుల్స్ దగ్గరున్న గ్లెంట్రెస్ అడవికి తీసుకెళ్తే, అక్కడ ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకును ఒక పూటకు అద్దెకు తీసుకున్నాను. ఎక్కుడు దారిలో తొలి పెడలు తొక్కగానే, చిన్నప్పుడు సైకిలు నేర్పుతూ మామయ్య వెనక సీటు పట్టుకుని తోసిన బలమే మళ్లీ తగిలినట్టయింది. మోటారు సాయం అన్నిటికన్నా ఎక్కువగా ఉండే టర్బోలో పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూనే పైకి చేరాను.

దిగడం మాత్రం అలా సాగలేదు. నీలం గుర్తున్న (ఓ మోస్తరు కష్టమైన) బాటలో, బయటి అంచు గట్టులా లేచిన ఒక మలుపు దగ్గర భయపడి బ్రేకు పట్టేసరికి ముందు చక్రం కంకర మీద జారిపోయి, నేను కింద పడి మోచేయి గీరుకుపోయింది. బండి బరువు నా శక్తికి మించినదా, లేక తప్పు నాదేనా? కొనాలన్న కోరిక పట్టుకుంది గాని, ముందు మామూలు మౌంటెన్ బైకు మీద నేర్చుకోవడం మేలా? రెండేళ్లలో హైదరాబాదు తిరిగి వెళ్లే ఆలోచన ఉంది కనుక, బండిని విమానంలో తీసుకెళ్లడం కుదురుతుందో లేదో కూడా చెప్పగలరు.

తడిమట్టి (షెఫీల్డ్):

మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండి: రాడ్ బ్రేకులు. ఆ సైకిలును ఆపాలంటే నాలుగు వేళ్లూ బిగించి పిడికిలి పట్టాలి. ఈ బండ్లకు ఉండే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకుకు చూపుడు వేలు ఒక్కటి చాలు. ముప్పై ఏళ్ల కిందటి అలవాటుతో మీ చేయి మొత్తం బిగుసుకుని ఉంటుంది, పైగా బ్రిటన్‌లో ముందు బ్రేకు కుడిచేతి వైపే ఉంటుంది. మలుపులో చక్రం వాలి ఉన్నప్పుడు దాన్ని గట్టిగా పట్టుకుంటే, కంకర మీద టైరుకు పట్టు మిగలదు. వేగం తగ్గించుకోవలసింది మలుపుకు ముందు, బండి నిటారుగా ఉన్నప్పుడే. లోపలికి వెళ్లాక వేలు సడలించి, చూపును మలుపు అవతలి చివర మీద నిలపాలి.

బరువు సంగతి కొట్టిపారేయదగినది కాదు. పూర్తి శక్తి మోటారున్న బండి 22 నుంచి 25 కిలోల దాకా తూగుతుంది. మోటారు లేని మామూలు మౌంటెన్ బైకు 14, 15 కిలోల దగ్గర ఆగుతుంది. ఇక్కడి చట్టం ప్రకారం గంటకు 25 కిలోమీటర్లు దాటగానే మోటారు సాయం ఆగిపోతుంది కాబట్టి, దిగేటప్పుడు మీ కింద ఉన్నది ఆ బరువు మాత్రమే.

ఒక్క మాట అడుగుతాను: దిగేముందు సీటు దించారా? హ్యాండిల్ ఎడమ పక్కన బొటనవేలికి అందేలా చిన్న మీట ఉంటుంది. అది నొక్కి సీటు మీద బరువు వేస్తే కిందికి దిగుతుంది. ఎక్కేటప్పటి ఎత్తులోనే సీటు ఉంచి దిగితే బరువంతా ముందుకు తూలుతుంది. సీటు దించి, రెండు పెడళ్లూ నేలకు సమాంతరంగా ఉంచి, పాదాల మీద నిలబడి దిగాలి.

గేరు మార్చనివాడు (లీడ్స్):

ఎక్కుడు తేలిగ్గా వచ్చిందని మురిసిపోకండి. టర్బోలో ఎక్కడం నేర్చుకున్నట్టు లెక్క కాదని నా అభిప్రాయం. నిటారు ఎక్కుడులో ఆగి మళ్లీ కదలాలంటే ముందే తేలిక గేరులో ఉండాలి. పెడలు మీద పూర్తిగా నిలబడి తొక్కితే టర్బోలో బండి గుర్రంలా ముందరి కాళ్లు లేపుతుంది. గేరు మార్చే క్షణంలో కాలి ఒత్తిడి కాస్త తగ్గించకపోతే మోటారు బలమూ మీ బలమూ కలిసి గొలుసు మీదే పడతాయి. నేను ఈ పేరు పెట్టుకోవడానికి కారణం, మొదటి ఏడాదిలో తెంచుకున్న రెండు గొలుసులు.

బ్యాటరీ విషయానికి వస్తే, నాది 625 వాట్-అవర్లది (బ్యాటరీలో పట్టే విద్యుత్తుకు కొలత). టర్బోలో సుమారు 1,300 మీటర్ల ఎత్తు ఎక్కేసరికి అడుగంటుతుంది, తక్కువ సాయం ఇచ్చే ఈకోలో 2,000 దాటుతుంది. ఒకసారి లెక్క తప్పి, వానలో ఆ 24 కిలోలను కొండమీదికి తోసుకుంటూ వెళ్లాను; చార్జి లేకపోతే, దిగి బండిని నడిపించేటప్పుడు మోటారు ఇచ్చే సాయం కూడా ఉండదు.

విమానం ఆశ వదులుకోండి. ప్రయాణికుల విమానాల్లో 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని సామానుతో పంపనివ్వరు. భారతదేశంలో 250 వాట్లు, 25 కిలోమీటర్ల పరిమితిలో ఉన్న ఎలక్ట్రిక్ సైకిలుకు రిజిస్ట్రేషను అక్కర్లేదు కాని, బ్యాటరీ లేకుండా తీసుకెళ్లిన బండి ఇరవై కిలోల మామూలు సైకిలే.

తడిమట్టి (షెఫీల్డ్):

మామూలు బండి మీదే ముందు నేర్చుకోవాలనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఒప్పుకోను. ఒక పూటలో ఒకసారి దిగగలిగినవారు మోటారు సాయంతో మూడుసార్లు దిగగలరు; అదే మలుపును మూడుసార్లు తిప్పినప్పుడే చేతికి వస్తుంది. అయితే కొనకండి, మరో నాలుగైదు సార్లు అద్దెకే తీసుకోండి. నీలం పక్కన పెట్టి, అన్నిటికన్నా తేలికైన ఆకుపచ్చ బాటతో మొదలుపెట్టండి.

గుంటూరు సైకిలు:

సీటు దించలేదండి. ఆ మీట బెల్లు అనుకున్నాను. బ్రేకు మీద నాలుగు వేళ్లు ఉన్న మాటా నిజమే. ఇంటి వెనక పార్కులో సహోద్యోగి బండి మీద ఒక్క వేలితో ఆపి చూస్తే అంత మెత్తగా ఆగుతుందని నమ్మబుద్ధి కాలేదు. శనివారానికి మళ్లీ బండి చెప్పి ఉంచాను, ఈసారి మోచేతి ప్యాడ్లు కూడా అడిగాను.