ఫాంట్ మారిస్తే ఇంగ్లీషే మారుతోంది, తెలుగు కదలట్లేదు

పత్తిచేను:
తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ పుస్తకాల సైట్‌లో స్కాన్ చేసిన పాత పుస్తకాల పేజీలు దిద్దుతుంటాను. ఒక పక్క స్కాన్ బొమ్మ, ఇంకో పక్క ఓసీఆర్ పాఠం, అంటే బొమ్మ చూసి కంప్యూటర్ తనే గుర్తుపట్టి రాసిన అక్షరాలు. థ, ధల తేడా ఒక్క చుక్క. మా కంప్యూటర్‌లోని లినక్స్ మింట్‌లో (విండోస్ లాంటిదే) కనిపించే ఫాంటులో ఆ చుక్క నా కంటికి ఆని చావదు. "విథి"నో "విధి"నో తేల్చుకోవాలంటే జూమ్ చేయాలి, చేస్తే స్కాన్ పక్కకి జారిపోతుంది. ప, ష, వల గోల సరేసరి. మండలి ఫాంట్ దించుకుని ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో పెట్టాను. ఇంగ్లీషు పేజీలు మారాయి, తెలుగు మాత్రం ఎక్కడిదక్కడే. అందం కోసం కాదండీ, కళ్ల కోసం.

మింట్‌బాబాయ్:
ఫాంట్ పేరు దగ్గరే 'అడ్వాన్స్‌డ్' బటన్ ఉంటుంది, నొక్కండి. పైన 'లాటిన్' (ఇంగ్లీషు లిపి) అని కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ ఒక్కో లిపికి విడివిడిగా ఫాంట్లు దాచుకుంటుందమ్మా. ఆ లిస్టులో అర్మేనియన్, జార్జియన్, తమిళం, తెలుగు అన్నీ ఉన్నాయి. తెలుగు ఎంచుకుని, కింద కనిపించే సెరిఫ్, శాన్స్ సెరిఫ్ అనే రెండు రకాల ఫాంట్లకీ మండలి పెట్టండి. 'మినిమమ్ ఫాంట్ సైజ్' కూడా అక్కడే ఉంది, 18 చేయండి. అక్షరాలే పెరుగుతాయి, స్కాన్ బొమ్మ ఉన్నచోటే ఉంటుంది.

పత్తిచేను:
పేజీ మారింది బాబాయ్! చుక్క కనిపిస్తోంది. కానీ నేను పనిచేసేది దిద్దే పెట్టెలో కదా, అక్కడ ఇంకా పాత మొహమే.

మింట్‌బాబాయ్:
ఆ పెట్టె మామూలుగా మోనోస్పేస్ ఫాంట్, అంటే అక్షరాలన్నీ ఒకే వెడల్పుండేది, అడుగుతుంది. ప్రోగ్రాములు రాసేవాళ్లకి బాగుంటుంది గానీ గుణింతాలకీ ఒత్తులకీ దాంతో పనేముంది? వికీసోర్స్ 'అభిరుచులు' (మీ ఖాతా సెట్టింగ్స్)లోకి వెళ్లి దిద్దే పెట్టె ఫాంట్‌ని శాన్స్ సెరిఫ్‌కి మార్చండి.

తెనాలిటైపు:
డాక్యుమెంట్లు రాసుకునే లిబ్రెఆఫీస్‌లో కూడా ఇదే తంతు. ముందు భాషల సెట్టింగ్స్‌లో 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' (సీటీఎల్, తెలుగు లాంటి లిపుల కోసం) టిక్ చేసి తెలుగు ఎంచుకోవాలి. ఆ తర్వాతే రైటర్ ఆప్షన్లలో 'బేసిక్ ఫాంట్స్, సీటీఎల్' కనిపిస్తుంది. తెలుగు ఫాంట్ పెట్టాల్సింది అందులో. అర్మేనియన్ రాసేవాళ్లకి ఈ బాధ లేదు, వాళ్ల లిపిని వెస్టర్న్ కిందే లెక్కేస్తుంది. ఇక ఫాంట్ సంగతి. చదవడానికి మండలి సరే, పద్యాలకి నా ఓటు పోతన 2000కి. ఎన్‌టీఆర్ ఫాంట్ పెట్టకండి, అదే సైజులో అక్షరాలు చిన్నగా వస్తాయి.

గౌతమినుంచి:
విండోస్‌తో వచ్చే తెలుగు ఫాంట్ ఎక్స్‌పీ కాలంలో గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ. సెట్టింగ్స్‌లో తెలుగుకి విడిగా ఫాంట్ ఎంచుకునే చోటే లేదు. నేను ఫైర్‌ఫాక్స్‌లో మార్చుకుని ఊరుకున్నా.

పత్తిచేను:
పెట్టె కూడా మారింది! ఫైళ్ల పేర్లు, మెనూలు కూడా మండలిలో రావాలంటే?

మింట్‌బాబాయ్:
దానికి ఫాంట్‌కాన్ఫిగ్ ఉంది, లినక్స్‌లో ఎక్కడ ఏ ఫాంట్ వాడాలో చూసేది అదే. మీ హోమ్ ఫోల్డర్‌లోని దాచిన కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు రాసి, భాష తెలుగైతే మండలిని ముందు చూడమని చెప్పాలి. ఫైలు నా దగ్గరుంది, రాత్రికి పెడతా. ఈలోపు మెనూలు ఎలాగోలా చదువుకోండి.